పిల్లలకు బొమ్మల మాటలు – ఐదో పాఠం: ఏ పచ్చ?

ఈసారి నీడల గురించి చెబుతానని నాలుగో పాఠం చివర మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. ఆ పాఠంలో ఇచ్చిన అభ్యాసం మీ ఇళ్ళలో పెట్టిన చిచ్చు ఆర్పకుండా నీడల దాకా వెళ్ళలేం.

తప్పు నాదే. “ఒక పచ్చ గుండ్రం వేయించండి, పక్కనే ఒక లేతపచ్చ గుండ్రం వేయించండి” అని రాశాను. ఇన్నేళ్ళు డ్రాయింగు మాస్టారుగా బతికినవాడు రాయవలసిన వాక్యం కాదు అది. ఒక ఇంట్లో అక్క ఆకుపచ్చ వేసింది, తమ్ముడు పసుపుపచ్చ వేశాడు. ఎవరిది ఒప్పో తేల్చమని వాళ్ళమ్మగారు రెండు కాగితాలూ ఫొటో తీసి పంపారు. ఇద్దరిదీ ఒప్పే. అంటే తప్పు ప్రశ్నది.

ఇంకో ఇంట్లో తెల్లరంగు సీసా ఎండిపోయిందని తాతగారు వంటింట్లోని పసుపులో తమలపాకుల సున్నం కలిపారట. లేత పసుపుపచ్చ రావలసిన చోట పారాణి వచ్చింది. మనవరాలు అది కాళ్ళకు పూసుకుని ఇల్లంతా అడుగులు వేసింది. తాతగారికి విడిగా ఒక మాట: మీరు కలిపింది రంగులను కాదు. సున్నం క్షారం, అది తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చలోకి వస్తుంది. పిల్లలకు తప్పకుండా చూపించండి, సున్నం మాత్రం మీ చేతిలోనే ఉంచుకుని. కానీ రంగుల పాఠం జరిగే రోజున చూపించకండి. తెలుపు కలిపితే లేత అవుతుందని నేను ఒకవైపు చెబుతుంటే, తెల్లటి సున్నం కలిపి ఎరుపు తెప్పించే తాతగారి ముందు నా మాట ఎవరు వింటారు?

ఇక పచ్చ సంగతి.

రైలు గార్డు ఊపేది పచ్చజెండా, అది ఆకుపచ్చ. ఎన్నికలప్పుడు వీధిలో ఎగిరే ఒక పార్టీ జెండానూ పచ్చజెండా అనే అంటాం, అది పసుపుపచ్చ. పచ్చకామెర్లు వస్తే కళ్ళు పసుపుపచ్చగా మారతాయి. పచ్చల హారంలో రాళ్ళు ఆకుపచ్చ. పచ్చగన్నేరు పేరులోని పచ్చ పువ్వుది, కాబట్టి పసుపుపచ్చ. పచ్చగడ్డి పేరులోని పచ్చ ఆకుపచ్చ. పచ్చబొట్టు ఈ రెండింటిలో ఏదీ కాదు, పాతబడినకొద్దీ నీలి నలుపులోకి దిగుతుంది. పచ్చని కాపురం ఏ రంగులో ఉంటుందో నన్ను అడక్కండి.

చెన్నై నుంచి రాసిన ఒక తల్లికి మాత్రం ఏ చిక్కూ రాలేదు. తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చే, పసుపుపచ్చకు మంజళ్ అని వేరే మాట ఉంది. బడిలో రోజూ అది వినే పిల్లవాడు ఇంట్లో పచ్చ అనగానే తడుముకోకుండా ఆకుపచ్చ పెన్సిలు తీశాడు.

పిల్లలకు నేను ఇలా చెబుతాను. పచ్చ అన్నది ఇంటిపేరు. ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ ఆ ఇంట్లో మనుషులు. ఇంటిపేరు పెట్టి పిలిస్తే ఇంట్లో ఉన్నవాళ్ళంతా పలుకుతారు. ఎవరు కావాలో వాళ్ళ పేరు పెట్టి పిలవండి. ఆరేళ్ళ పిల్లలకు ఇది ఒక్కసారి చెబితే చాలు. ఎంత చెప్పినా తలకెక్కనిది పెద్దవాళ్ళకే. “ఆ పచ్చ చొక్కా తీసుకురా” అని మీరు అన్న ప్రతిసారీ పిల్లల చేత మీకు జరిమానా వేయించండి.

ఈ పాఠాల వరుసలో నా పట్టుదల ఒకటే: రంగు పేరు పక్కన చేతికి దొరికే వస్తువు ఒకటి ఉండాలి. కరివేపాకు రంగు, పెసల రంగు, నిమ్మపండు రంగు, బెల్లం రంగు, ఇటుక రంగు. నలభై ఎనిమిది రంగుల డబ్బా మీద అచ్చువేసిన పేర్లు పిల్లలకు అక్కర్లేదు. అసలు ఆ డబ్బాయే అక్కర్లేదు. అది చేతిలో ఉంటే పిల్లవాడు వెతుకుతాడు తప్ప కలపడు. పన్నెండు రంగుల డబ్బా కొనండి, అందులోంచి నలుపు తీసి బీరువాలో పెట్టండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

వస్తువును కూడా చూసి ఎంచుకోవాలి. నారింజ రంగు అంటాం, కానీ మన పిల్లలు రోజూ చూసేది బత్తాయి. అది పండినా తొక్క చాలావరకు ఆకుపచ్చగానే ఉంటుంది. కమలాపండు తొక్క రంగు అనండి. ఊదా అన్న మాట పుస్తకంలో తప్ప పిల్లల చెవిన పడదు, వంకాయ రంగు అంటే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. గోధుమ రంగు మరీ విడ్డూరం. డబ్బాలోని గోధుమ రంగు పెన్సిలు పక్కన నాలుగు గోధుమ గింజలు పోసి చూడండి. ఎక్కడా పొంతన ఉండదు. గింజ చాలా లేత, పెన్సిలు బాగా ముదురు. మూడో తరగతి పిల్ల ఒకతె ఇది చూసి, “మాస్టారూ, వీళ్ళు గోధుమలు మాడ్చారా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటినుంచి దాన్ని కాఫీగింజ రంగు అంటున్నాను.

నీలం, నలుపుల మధ్య కూడా ఇలాంటి తగాదా ఉంది. నల్లనయ్యకు క్యాలెండర్లలో నీలం పూస్తారు. నల్లద్రాక్ష నలిపితే వచ్చేది వంకాయ రంగు. కానీ దాన్ని పిల్లలు తమంతట తామే సర్దుకుంటారు, వదిలేయండి. ఎరుపు, తెలుపు గురించి నేను రాయబోవడం లేదు, అవి అందరికీ వచ్చు.

లేత, ముదురు

అసలు పాఠం ఇది. ఈ రెండు మాటలు పిల్లలకు కొత్తవి కావు, చిక్కంతా అక్కడే ఉంది. లేత బెండకాయ, ముదురు బెండకాయ. లేతపాకం, ముదురుపాకం. లేత కొబ్బరి. లేత ఎండ. వంటింట్లో, పెరట్లో ఈ మాటలు విని విని పిల్లవాడి మనసులో లేత అంటే వయసు తక్కువ అని కుదురుకుంది. మనం బొమ్మల పాఠంలో అదే మాటను తెచ్చి వెలుగు ఎక్కువ ఉన్న రంగు అనే అర్థంలో వాడతాం, ఆ తేడా చెప్పకుండా.

నాకు ఈ గుణపాఠం ఒక మామిడిచెట్టు కింద దొరికింది. రెండో తరగతి వాళ్ళను ఉగాదికి ముందు బడి వెనకాల చెట్టు కిందికి తీసుకెళ్ళి, “లేత ఆకు ఒకటి, ముదురు ఆకు ఒకటి తీసుకురండి, రంగుల తేడా చూద్దాం” అన్నాను. లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ చేతికి వస్తాయని నా ఊహ. ఒక పిల్లవాడు తెచ్చిన ఆకు రాగిచెంబు రంగులో ఉంది. మెత్తగా, వేలాడుతూ, పట్టుకుంటే సిల్కు రిబ్బనులా జారుతోంది. “ఇదే మాస్టారూ, అన్నిటికన్నా లేతది” అన్నాడు. నిజమే. మామిడి చిగురు మొదట ఎర్రగా, రాగి రంగులో వస్తుంది. తర్వాత పసుపు కలిసిన లేత ఆకుపచ్చ అవుతుంది. ఆ తర్వాతే బిరుసెక్కి, నిగనిగలాడే ముదురు ఆకుపచ్చలోకి వస్తుంది. ఈలోగా ఒక ఆడపిల్ల కింద రాలిన పండుటాకు తెచ్చింది. అది చెట్టు మీద అందరికన్నా పెద్దది, రంగు మాత్రం పసుపుపచ్చ, అన్నిటికన్నా వెలుగుగా ఉంది. వయసులో పండుటాకు ముదురు, రంగులో లేత. వయసులో చిగురు లేత, రంగులో మాత్రం దానికన్నా ముదురు. పాఠం చెప్పడానికి వెళ్ళిన నేను నలభై మంది పిల్లల ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

అందుకే ఇప్పుడు మొదట్లోనే విడదీసి చెబుతాను. ఆకు లేతదా అంటే వయసు అడుగుతున్నట్టు. ఆకు రంగు లేతదా అంటే వెలుగు అడుగుతున్నట్టు. పిల్లలతో మాట్లాడేటప్పుడు “లేత రంగు” అని రెండు మాటలూ కలిపి పలకండి, ఒట్టి “లేత” వద్దు.

ఇక్కడ నాకు చిరాకు తెప్పించే సంగతి ఒకటుంది. అందరూ చెప్పేదే: తెలుపు కలిపితే లేత, నలుపు కలిపితే ముదురు. మొదటి సగం ఫరవాలేదు. పోస్టరు రంగులకు అది సరిపోతుంది. నీటిరంగులైతే తెలుపు కూడా అక్కర్లేదు, నీళ్ళు కలిపితే కింద కాగితం తెలుపు కనిపించి అదే లేతబడుతుంది. మైనపు క్రేయాన్లయితే నొక్కకుండా వేస్తే చాలు, అక్కడా పని చేసేది కాగితమే. తెల్ల క్రేయాను పైన రుద్దితే పెద్దగా ఏమీ కాదు, చెయ్యి నొప్పి తప్ప.

రెండో సగం మాత్రం పిల్లల చేత చేయించిన ప్రతిసారీ ఏడిపిస్తుంది. పసుపుపచ్చలో నలుపు చుక్క వేసి కలపండి. ముదురు పసుపుపచ్చ వస్తుందని పిల్లవాడు ఎదురుచూస్తాడు. వచ్చేది పాచి రంగు, నూతి గోడ మీద ఉండే ఆకుపచ్చ. అవును, నలుపు కలిపితే పసుపుపచ్చ ఆకుపచ్చ వైపు జారుతుంది. ఏ పచ్చ అని ఇంతసేపు గొడవపడి విడదీసుకున్నామో ఆ రెండు పచ్చలూ మళ్ళీ ఒకటైపోతాయి. పొద్దుతిరుగుడు పువ్వు వేస్తున్న పిల్లవాడికి రేకుల నీడ చోట బురద మిగులుతుంది. వాడు కాగితం నలిపి పారేస్తాడు, మనం వాడికి శ్రద్ధ లేదంటాం. నలుపు సీసా బీరువాలో ఉంచమన్నది ఇందుకే.

నలుపు లేకుండా ముదురు ఎలా? నేను చేసేది ఇది. పసుపుపచ్చకు కొంచెం నారింజ, ఆపైన రవ్వంత కాఫీగింజ రంగు కలిపితే బెల్లం రంగు వస్తుంది, ముదురు పసుపుపచ్చ అంటే పిల్లలు కోరుకునేది అదే. ఆకుపచ్చకు రవ్వంత ఎరుపు. ఎరుపుకు రవ్వంత ఆకుపచ్చ. నారింజకు రవ్వంత నీలం వేస్తే కాఫీగింజ రంగే పుడుతుంది, కాబట్టి ఆ సీసా కూడా నిజానికి కొననక్కర్లేదు. రవ్వంత అంటే కుంచె చివర అంటినంత. పిల్లలకు రవ్వంత తెలియదు, వాళ్ళ చేతిలో రవ్వంత అంటే అరసీసా. ముదురు రంగు ఎప్పుడూ అగ్గిపుల్ల కొనతో తీయించండి, కుంచె ఇవ్వకండి. లేత రంగు చేసేటప్పుడు తెలుపు ముందు పోసుకుని, రంగును చుక్కచుక్కగా అందులోకి తేవాలి. తిరగేసి చేస్తే గులాబీ రంగు కోసం సీసా తెలుపు ఖర్చవుతుంది.

గులాబీ అన్నాను కదా. ఎరుపుకు తెలుపు కలిపితే వచ్చేది లేత ఎరుపు. దానికి మనం గులాబీ అని వేరే పేరు పెట్టుకున్నాం కనుక అది లేత ఎరుపే అంటే పిల్లలు ఒప్పుకోరు. కలిపి చూపించండి, వాదించకండి.

ఇంకొక మాట కూడా నేర్పండి: వెలిసిన రంగు. ఎండలో ఆరేసి ఆరేసి పాతబడిన చొక్కాది లేత రంగు కాదు, వెలిసిన రంగు. కొత్త గౌను లేత నీలం అయితే అది వెలిసినట్టు కాదు. పండక్కి కొన్న గౌనును పక్కింటి పిల్ల వెలిసిపోయిందన్నదని ఏడ్చిన పిల్లలను చూశాను. ఈ మాట తేడా తెలిస్తే ఆ ఏడుపు సగం తగ్గుతుంది.

తెలుపు, నలుపు ఏవీ కలపకపోయినా ప్రతి రంగుకూ పుట్టుకతోనే ఒక వెలుగు ఉంటుంది. సీసాలోంచి తీసిన పసుపుపచ్చ ఎప్పుడూ లేత, వంకాయ రంగు ఎప్పుడూ ముదురు. నమ్మకపోతే కళ్ళు చికిలించి చూడండి. రెప్పలు సగం మూస్తే రంగులు వెనక్కి తగ్గి వెలుగు మాత్రమే కనిపిస్తుంది. చిత్రకారులు రోజూ చేసే పని ఇది, పిల్లలకు మహా సరదా. చికిలించడం రాకపోతే పక్కపక్కన పెట్టిన సీసాలను ఫోనుతో నలుపు తెలుపు ఫొటో తీయండి. పసుపుపచ్చ సీసా దాదాపు తెల్లగా, నీలం సీసా చీకటిగా కనిపిస్తాయి.

ఒంటి రంగు అనే పెన్సిలు గురించి ఒకరు అడిగారు, ఏ డబ్బాలో దొరుకుతుందని. నేను ఆ పేరుతో దేన్నీ పిల్లల చేతికి ఇవ్వను. అమెరికాలో క్రేయోలా వాళ్ళు కూడా అలాంటి పేరున్న క్రేయానుకు 1962లో పీచుపండు పేరు పెట్టారు. ఎవరి ఒంటి రంగు అది? మా తరగతిలో ఏ చేయి పక్కన పెట్టినా ఆ లేత రంగు సరిపోయేది కాదు. మనకు చామనఛాయ అనే చక్కని మాట ఉంది. అందులోని ఛాయ మన పాఠానికి కావలసిన మాటే: వెలుగుకూ చీకటికీ మధ్య ఒక మెట్టు. నారింజ, రవ్వంత నీలం, కొంచెం తెలుపు. మోచేతి పక్కన కాగితం పెట్టి, రంగు చేతిలో కలిసిపోయేదాకా కలపమనండి. అరగంట పడుతుంది. ఆ అరగంటలో పిల్లలు నేర్చుకునేంత నా నాలుగు పాఠాల్లో లేదు. “నాది నల్లగా ఉంది” అని కూర్చున్న పిల్లకు, కాగితం మీద నలుపు చుక్క పెట్టి దాని పక్కన తన చేతిని చూసుకోమనండి. ఇక్కడొక్కచోట మాత్రం బీరువా తాళం తీయవచ్చు.

అభ్యాసం

కష్టమైనదే ఇస్తున్నాను. ఒక ఆదివారం మొత్తం కేటాయించండి.

ఒకే మామిడిచెట్టు నుంచి ఐదు ఆకులు తీసుకోండి: రాగి రంగు చిగురు, దాని తర్వాతది, బిరుసెక్కుతున్నది, బాగా ముదిరినది, కింద రాలిన పండుటాకు. చిగురు దొరకని కాలమైతే జామ గానీ బాదం గానీ చూడండి, బాదం ఆకు రాలేముందు ఎర్రబడుతుంది, అది ఇంకా మంచి తగువు. మొదట వాటిని వయసు వరుసలో పేర్పించండి. ఫొటో తీయండి. తర్వాత కళ్ళు చికిలించి వెలుగు వరుసలో పేర్పించండి. మళ్ళీ ఫొటో. రెండు వరుసలూ ఒకటి కావు, ఎక్కడ తేడా వచ్చిందో పిల్లవాడే వేలు పెట్టి చూపించాలి.

ఆ తర్వాత ఒక కాగితం మీద ఏడు గళ్ళు గీసి, పసుపుపచ్చ, నీలం, తెలుపు ఈ మూడే వాడి ఏడు వేరువేరు ఆకుపచ్చలు చేయించండి. శ్రీకాళహస్తి కలంకారీలో ఆకుపచ్చ కావాలంటే నీలం వేసిన చోటనే పైన పసుపుపచ్చ పూస్తారు, రెండూ కలిసి గుడ్డ మీదే ఆకుపచ్చ అవుతుంది. ఒక గడిలో మీరూ అలా చేయండి: నీలం పూర్తిగా ఆరాక పైన నీళ్ళలాంటి పసుపుపచ్చ. ప్రతి గడి కింద పిల్లవాడు చెప్పిన పేరు రాయాలి, పేరులో వస్తువు ఉండాలి. పచ్చ అన్న మాట ఒంటరిగా ఎక్కడ రాసినా ఆ గడి చెల్లదు. పోయిన ఏడాది ఒక పిల్ల ఐదో గడి కింద “అమ్మ పాత చీర వెనకవైపు” అని రాసింది. చెల్లుతుంది.

పాఠం చెప్పే పెద్దవాళ్ళు కూడా విడిగా ఒక కాగితం చేసి పెట్టుకోండి, పిల్లలకు చూపించకుండా.

వచ్చే పాఠం నీడలే, ఈసారి తప్పను. ఒక కోడిగుడ్డు, ఒక టార్చిలైటు సిద్ధంగా ఉంచుకోండి. గుడ్డు ఉడికించినదైతే మేలు.